‘వయసైపోయింది కదా’ అనే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఎంచుకున్నాను. ఊళ్ళు వేరు, కుటుంబాలు వేరు అయినా నాలుగింటిలోనూ ఎక్కడో ఒకచోట ‘వయసైపోయింది కదా’ అనే మాట ఉంది. రెండు ఉత్తరాల్లో ఆ మాట అన్నది బంధువులు, ఒకదానిలో వైద్యుడు, మరొకదానిలో ఆ పెద్దాయనే. వృద్ధులకు వైద్యం చేసేవాడిగా ఆ మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఒకసారి ఆ మాట అనేశాక ఇంట్లో ఎవరూ కారణం వెతకరు.

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్ళు. రెండేళ్ళుగా అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం ఎక్కువైంది. ఈ ఏడాది నుంచి తన గాజులు నేను తీశానని ఇంటికి వచ్చినవాళ్ళందరితో చెబుతున్నారు. సాయంత్రమైతే చీర మార్చుకుని ‘మా ఇంటికి వెళ్ళాలి’ అంటూ గేటు దగ్గర నిలబడతారు. మేమున్నది ఆవిడ నలభై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లే. గత నాలుగు రోజులుగా పరిస్థితి మరీ మారిపోయింది. రాత్రి నిద్ర లేదు, గోడ మీద ఎవరో కూర్చున్నారంటారు, పగలు పిలిచినా పలకనంత మత్తుగా ఉంటారు. మా వారు ‘వయసైపోయింది కదా, చాదస్తం’ అంటున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడి, ‘అమ్మ బాగానే మాట్లాడుతోంది కదా వదినా’ అంటున్నాడు. నేనే లేనిపోనివి చెబుతున్నట్టు అవుతోంది. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. రెండేళ్ళుగా మెల్లగా పెరుగుతున్న మరుపు ఒకటి, నాలుగు రోజుల్లో వచ్చిన మార్పు మరొకటి. రెండోది అత్యవసరం. ఈ జవాబు అచ్చులో మీరు చూసేసరికి ఆలస్యమవుతుందని మీకు ముందే ఫోన్‌ చేయించి, అత్తగారిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పించాను. మిగిలిన పాఠకుల కోసం ఆ కారణాలను ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవయసువారిలో గంటల్లోనో, రోజుల్లోనో మతి చెదిరి, ఒక పూట మత్తుగా, ఒక పూట ఆందోళనగా ఉండి, లేనివి కనిపిస్తున్నాయంటే దానిని డెలీరియం అంటాం. అప్పుడు మెదడు కలత పడినా, మూలం తరచుగా శరీరంలో మరోచోట ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము, రోజుల తరబడి మలబద్ధకం, మూత్రం బయటికి రాక లోపలే నిలిచిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, రక్తంలో సోడియం పడిపోవడం వంటివి సాధారణంగా కనిపించే కారణాలు. బీపీకి ఇచ్చే కొన్ని మూత్రం మాత్రల వల్ల సోడియం తగ్గుతుందని చాలామందికి తెలియదు. వృద్ధులకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు కాబట్టి, ‘ఒళ్ళు చల్లగానే ఉంది’ అని ఊరుకోకూడదు. కారణాన్ని పట్టుకుని సరిచేస్తే ఈ కొత్త గందరగోళం చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. అయితే పూర్తిగా తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా నిద్రమాత్ర వేసి పడుకోబెడితే కారణం అలాగే ఉండిపోతుంది, మత్తులో పడిపోయే ప్రమాదం అదనంగా వస్తుంది.

ఇక రెండేళ్ళ మరుపు సంగతి. మీరు రాసిన లక్షణాలు డిమెన్షియాను, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ మెల్లగా క్షీణించే జబ్బును, సూచిస్తున్నాయి. కానీ ఆ పేరు ఖాయం చేసేముందు, దానిలాగే కనిపించే ఇతర కారణాలను తప్పక తొలగించుకోవాలి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, రక్తహీనత, కిడ్నీ లేదా కాలేయ సమస్య వంటివి రక్తపరీక్షల్లో తేలిపోతాయి. ఎప్పుడో తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల పుర్రె లోపల మెల్లగా రక్తం గూడుకట్టి, కొన్ని వారాల తర్వాత మతిమరుపుగా, తడబడే నడకగా బయటపడవచ్చు. ఇది స్కాన్‌లో కనిపిస్తుంది, శస్త్రచికిత్సతో నయమయ్యే అవకాశమూ ఉంది. మనసులో దిగులు గూడుకట్టుకున్నవాళ్ళు కూడా మరుపు వచ్చినట్టే ఉంటారు. చెవులు సరిగా వినిపించనివారు మాట అందక పొంతన లేని జవాబు చెబితే, దాన్ని మతిమరుపు కింద జమకట్టేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

వీటన్నిటికంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. అత్తగారు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు కుమ్మరించండి. చీటీ తీసుకెళ్తే చాలదు. జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్రలు, అరికాళ్ళ మంటలకు ఎప్పుడో రాసిన అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడే ఆక్సిబ్యుటినిన్ వంటివి వృద్ధుల జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి. ఇవి చాలావరకు చీటీలో ఉండవు, దిండు కింద ఉంటాయి.

గాజుల విషయంలో మీ మనసుకు తగిలిన గాయం నాకు అర్థమవుతోంది. ఆవిడ ఎక్కడో భద్రంగా దాచారు, దాచిన సంగతి మరిచిపోయారు. వస్తువు కనిపించకపోతే, ఎవరో తీశారన్న ఒక్క వివరణే ఆ మెదడుకు అందుబాటులో ఉంటుంది. రోజంతా ఎదురుగా కనిపించే మనిషి మీరే కనుక నింద మీ మీదికి వస్తుంది. ఈ జబ్బులో సేవ చేసే మనిషే దొంగ అవుతుంది, నెలకోసారి వచ్చే కూతురు దేవత అవుతుంది. ‘నేను తీయలేదు’ అని వాదించడం వల్ల ఆవిడకు గుర్తురాదు, కోపం మాత్రం మిగులుతుంది. ‘అయ్యో, పదండి, ఇద్దరం కలిసి వెతుకుదాం’ అని లేవండి. ఆవిడ దాచే చోట్లు నాలుగైదే ఉంటాయి: బియ్యం డబ్బా, పాత చీరల మడతలు, దేవుడి మందిరం వెనుక. అసలు బంగారాన్ని లాకర్‌లో పెట్టి, అలాంటివే గిల్టు గాజులు ఆవిడ చేతికివ్వడం మోసం కాదు, వైద్యంలో భాగమే.

సాయంత్రం ‘మా ఇంటికి’ అన్నప్పుడు ‘ఇదే మీ ఇల్లు’ అని దిద్దకండి. ఆవిడ అడిగే ఇల్లు మీ వీధిలో ఉండదు. అమ్మానాన్నలున్న చిన్నప్పటి ఇల్లు కావచ్చు, తనకు అన్నీ తెలిసినట్టు అనిపించిన రోజులు కావచ్చు. ‘మీ ఇంట్లో పెరట్లో ఏముండేవి అత్తయ్యా?’ అని అడుగుతూ, చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి వెనక్కి తీసుకురండి. వెలుగు తగ్గే వేళకు అయోమయం పెరగడం ఈ జబ్బులో తరచుగా ఉండేదే కాబట్టి, ఐదున్నరకే ఇంట్లో లైట్లన్నీ వేయండి. మధ్యాహ్నం నిద్ర అరగంటకు మించనీయకండి. ఎప్పుడైనా గేటు దాటి వెళ్ళిపోయినా ఎవరైనా ఫోన్ చేయగలిగేలా, మీ నంబరు రాసిన చిన్న బిళ్ళను గొలుసుకు వేయండి.

డొనెపెజిల్ వంటి మందులు కొందరిలో కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచుతాయి, జబ్బును నయం చేయవు. అరుపులూ కోపాలూ తగ్గించడానికి ఇచ్చే బలమైన మానసిక మందులు డిమెన్షియా ఉన్నవారిలో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. ఆవిడకు గానీ మీకు గానీ హాని జరుగుతుందన్న పరిస్థితి వస్తే తప్ప, అదీ కొద్దికాలానికి తప్ప, వాటి జోలికి వెళ్ళకూడదు.

మీ మరిది గారికి ఒక మాట. డిమెన్షియా ఉన్నవాళ్ళు పావుగంటసేపు, ముఖ్యంగా దూరాన ఉన్న కొడుకుతో, ఎంతో ముచ్చటగా మాట్లాడగలరు. కుశల ప్రశ్నలకు జ్ఞాపకశక్తి అంతగా అక్కర్లేదు. ‘ఇవాళ పొద్దున ఏం తిన్నావమ్మా, నిన్న ఎవరొచ్చారు?’ అని అడిగితే తేడా ఆయనకే తెలుస్తుంది. అంతకంటే మంచిది ఆయన పది రోజులు సెలవు పెట్టి వచ్చి, ఆ పది రోజులూ తల్లి బాధ్యత తనే చూసి, మిమ్మల్ని పుట్టింటికి పంపడం. ఇది నేను వైద్య సలహాగానే రాస్తున్నాను. సంరక్షకురాలికి విరామం దొరకని ఇంట్లో రోగి పరిస్థితి కూడా దిగజారుతుంది. మీకు నిద్ర పట్టకపోయినా, దుఃఖం ఆగకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా నాన్నకు 81 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉంది. గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వేస్తున్నాం. బీపీకీ ప్రోస్టేట్‌కూ వేరే మాత్రలున్నాయి. ఈ మధ్య తిండి బాగా తగ్గింది. నెలలో రెండుసార్లు తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయారు. ఒకసారి లేపేసరికి ఒళ్ళంతా చెమట. మా డాక్టరు గారు షుగర్ రిపోర్టు చూసి ‘చాలా బాగుంది, పడిపోవడం అంటారా, వయసైపోయింది కదా’ అన్నారు. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఆ రిపోర్టు బాగుండటమే నన్ను కలవరపెడుతోంది. తిండి తగ్గినా మాత్ర తగ్గలేదు, పైగా తెల్లవారుజామున చెమటలు. షుగర్ పడిపోతోందనడానికి ఇంతకంటే స్పష్టమైన సూచన ఉండదు. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం ఒంట్లో చాలాసేపు ఉంటుంది, వయసుతో కిడ్నీల పని తగ్గినప్పుడు ఇంకా ఎక్కువసేపు నిలిచిపోతుంది. అందుకే వృద్ధులకు ఈ మందు వద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనికంటే క్షేమమైన ప్రత్యామ్నాయాలు చాలా ఉన్నాయి. ఈ రాత్రి మూడు గంటలకు గ్లూకోమీటర్‌తో ఒకసారి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్ళు గానీ పంచదార గానీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. రీడింగు ఎలా ఉన్నా రేపే డాక్టరును కలిసి ‘ఈ మాత్ర మార్చగలరా?’ అని నేరుగా అడగండి. బలహీనంగా ఉన్న వృద్ధులకు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8 వరకు ఉన్నా ఫరవాలేదు. నలభై ఏళ్ళవారికి పెట్టిన గీత ఎనభై ఏళ్ళవారికి పెడితే షుగర్ అదుపులోనే ఉంటుంది గాని, మనిషి కింద పడతాడు.

రెండో అనుమానం బీపీ. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ వంటి మందులూ బీపీ మాత్రలూ కలిసి, లేచి నిలబడగానే రక్తపోటును పడదోయగలవు. నాన్నగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా మంచం మీద కూర్చుని, కాళ్ళు కాసేపు ఆడించి, ఆ తర్వాతే లేవమనండి. రాత్రికి మంచం పక్కనే యూరిన్ పాట్ పెడితే సగం ప్రయాణాలు తప్పుతాయి. నామోషీ అనుకుంటారు, నచ్చజెప్పాలి.

ఇంటి సంగతికొస్తే, మన బాత్రూమ్‌లు పడటానికి అనువుగా కట్టినట్టే ఉంటాయి: నున్నటి టైల్స్, ఎత్తు గడప, అడ్డంగా బక్కెట్టు, సబ్బునీళ్ళు. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకు ఉక్కు కడ్డీలు బిగించండి. టవల్ స్టాండు ఆసరా కాదు, మనిషి బరువుకు ఊడి వస్తుంది. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. లుంగీ అంచు కాళ్ళకు అడ్డం పడకుండా చీలమండ పైకే కట్టుకోవాలి. తొడల్లో బలం ఉంటేనే తూలినప్పుడు నిలదొక్కుకోగలరు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, అందులోంచి లేచి మళ్ళీ కూర్చోవడం రోజుకు రెండుసార్లు, ఓపికను బట్టి ఐదు నుంచి పదిసార్లు చేయించండి. మొదట్లో పక్కన మనిషి ఉండాలి.

పడినప్పుడు ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోవాలి. ‘ఈ వయసులో ఆపరేషనా’ అని పుత్తూరు కట్టు కట్టించి మూడు నెలలు మంచంలో ఉంచిన వాళ్ళను చూశాను. తుంటి విరిగిన వృద్ధుడికి శస్త్రచికిత్స కంటే ఆ మంచమే ఎక్కువ ప్రమాదకరం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పుళ్ళు పడతాయి. వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేయించి, మర్నాడే నిలబెట్టే ప్రయత్నం చేయాలి.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మా అమ్మమ్మ (84) మంచంలోనే ఉంది. నడుము కింద ఎర్రగా కందింది. పౌడరు చల్లి కొబ్బరినూనెతో మర్దన చేస్తున్నాం. పడుకోబెట్టి నీళ్ళు పట్టిస్తే దగ్గు వస్తోంది. బంధువులు ‘వయసైపోయింది కదా, ఇంకెన్నాళ్ళు’ అంటున్నారు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: కందిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పడకపుండు తొలి దశ, అంటే చర్మం చిట్లకముందే మీకు దొరికింది. అక్కడ మర్దన చేయకండి, లోపలి కణజాలం ఇంకా నలుగుతుంది. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పండి. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనుక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. మధ్యలో రంధ్రమున్న గుండ్రటి దిండ్లు వాడకండి, అంచు ఒత్తిడికి రక్తప్రసరణ తగ్గుతుంది. ఎయిర్ బెడ్ కొనగలిగితే మంచిదే గాని, అది ఉందని తిప్పడం మానేయకూడదు. డైపరు తడిసిన వెంటనే మార్చండి. గుడ్డు, పప్పు, పెరుగు రోజూ ఏదో ఒక రూపంలో లోపలికి వెళ్ళాలి, మాంసకృత్తులు లేకుండా చర్మం కోలుకోదు.

దగ్గు విషయం ఇంకా ముఖ్యమైనది. పడుకున్న మనిషికి నీళ్ళు పట్టిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక గుక్క మింగాకే మరొకటి ఇవ్వండి. పక్షవాతం వచ్చినవారికి పల్చటి నీళ్ళకంటే చిక్కటి రాగిజావ మింగడం సాధారణంగా తేలిక. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. రెండు పూటలా నోరు శుభ్రం చేయండి. అయినా దగ్గు ఆగకపోతే మింగే శక్తిని పరీక్ష చేయించాలి, కొన్నాళ్ళు ముక్కు గొట్టం అవసరం కావచ్చు. బంధువుల మాటకు మీరు జవాబు చెప్పనవసరం లేదు. ‘రాత్రి పది గంటలకు తిప్పే వంతు మీది’ అని చెప్పి చూడండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. అమ్మ (74), నాన్న (78) విజయవాడలో ఒంటరిగా ఉన్నారు. ఎప్పుడు అడిగినా నాన్న ‘మాకేం, వయసైపోయింది కదా, ఇంతే’ అంటారు. దూరం నుంచి మేం ఏం చేయగలం? ఇల్లు నా పేర రాస్తానని కూడా అంటున్నారు. (ఒక పాఠకుడు)

జవాబు: ‘ఇంతే’ అంటే ఎంతో కనుక్కోండి. వీడియో కాల్‌లో ముఖం మాత్రమే చూడకుండా, ఆయన్ని లేచి నాలుగడుగులు నడవమనండి, ఫ్రిజ్ తెరిచి చూపించమనండి. చొక్కా భుజాల మీద జారుతోందా, మాట ఆయాసంతో ఆగుతోందా చూడండి. ప్రతి నెలా ఒకే తేదీన ఇద్దరి బరువూ చెప్పమనండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో బరువు ఇరవయ్యో వంతు తగ్గితే పరీక్షలు అవసరం.

వైద్య ఖర్చుకు, 2024 అక్టోబరు 29న కేంద్రం 70 ఏళ్ళు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ఆధార్‌తో కార్డు తీసుకుంటే ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు భరోసా ఉంటుంది. ఆ మొత్తం ఇద్దరికీ కలిపే. ప్రైవేటు బీమా ఉన్నవారూ అర్హులే. జబ్బు పడినప్పుడు పరుగెత్తకుండా ఇప్పుడే తీసుకోమనండి. 14567 వృద్ధుల సహాయ నంబరును పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించండి, అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. రాత్రి పూట ఆపదకు 108 ఉంది, కానీ తలుపు తీసేవాళ్ళు కావాలి. కాబట్టి నమ్మకమైన పొరుగింటివారి దగ్గర ఒక తాళంచెవి ఉంచండి. పనిమనిషినో నర్సునో ఏజెన్సీ ద్వారా పెడితే ఆధార్ నకలు, పోలీసు ధ్రువీకరణ అడగండి. మందుల డబ్బా నింపే పనిని మాత్రం కొన్నాళ్ళపాటు మీరు వీడియోలో చూస్తుండగానే చేయించండి.

ఇంటి సంగతి నా శాఖ కాదు గాని, తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 నుంచి ఉంది. ఆస్తి తీసుకున్నవారు తమ బాగోగులు చూడాలన్న షరతును దస్తావేజులో రాయించుకుంటే, ఆ షరతు నెరవేరనప్పుడు ఆ బదిలీని రద్దు చేయమని తల్లిదండ్రులు ఆర్‌డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. మీరు మంచి కొడుకేనని నమ్ముతున్నాను. అందుకే ఆ షరతు రాయమని మీరే నాన్నగారితో చెప్పండి. ఆయన అడగడానికి మొహమాటపడతారు.